‘లుక్ ఫార్వర్డ్ టు’తో ఏ యాడ్వర్బ్ కలుస్తుంది, ఎక్కడ కూర్చుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్వ్యూ అయ్యాక పంపే థాంక్యూ మెయిల్, అమెరికాలో ప్రొఫెసర్‌కు రాసే మొదటి ఉత్తరం, ఐఈఎల్‌టీఎస్ లెటర్, ఆఫీసులో క్లయింట్‌కు ఇచ్చే జవాబు. వీటన్నిటి ఆఖరి వాక్యంలో దాదాపు ఎప్పుడూ ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ ఉంటుంది. ఆ మాట వరకు అందరికీ వచ్చు. దానికి ‘చాలా’, ‘ఎంతో’, ‘ఆత్రంగా’, ‘తప్పకుండా’ లాంటి యాడ్వర్బులు (క్రియావిశేషణాలు) తగిలించబోతేనే చిక్కు మొదలవుతుంది. ఏ మాట నప్పుతుంది, ఏది నప్పదు, నప్పినదాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి అన్నవి ఈ పేజీలో చూద్దాం. ఇంగ్లిష్ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం. వాటిని ఒకసారి పైకి చదివితే చెవికి త్వరగా అలవాటవుతాయి.

‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ‘ఎదురుచూడటం’ అనుకుంటే సరిపోతుందా?

సగమే సరిపోతుంది. తెలుగులో బస్సు కోసమూ ఎదురుచూస్తాం, రిజల్ట్స్ కోసమూ ఎదురుచూస్తాం, పండక్కి వచ్చే మనవడి కోసమూ ఎదురుచూస్తాం. ఇంగ్లిష్ ఈ పనిని మూడు ముక్కలు చేసి పంచింది. ఊరికే కాచుకుని ఉంటే ‘వెయిట్ ఫర్’. జరుగుతుందని అనుకుంటూ ఉంటే ‘ఎక్స్‌పెక్ట్’. జరగబోయేదాన్ని తలచుకుని ఇప్పటి నుంచే సంతోషపడుతుంటే ‘లుక్ ఫార్వర్డ్ టు’.

యాడ్వర్బ్ ఎంపిక అంతా ఈ సంతోషం మీదే ఆధారపడి ఉంటుంది. ‘ఆందోళనగా’, ‘భయంగా’, ‘గత్యంతరం లేక’ అనే అర్థాలున్న మాటలు దీని పక్కన ఇమడవు. ‘యాంక్షస్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు’ అంటే భయాన్ని, సంతోషాన్ని ఒకే మాటకు కట్టేసినట్టవుతుంది. బయాప్సీ రిపోర్ట్ రావాల్సి ఉంటే ‘వి ఆర్ యాంక్షస్లీ వెయిటింగ్ ఫర్ ద రిపోర్ట్’ అనాలి. ‘డెస్పరేట్లీ’కి జోడు ‘నీడ్’, ‘వాంట్’, ‘ట్రై’, ‘హోప్’. ‘ఇంపేషెంట్లీ’, ‘పేషెంట్లీ’ రెండూ ‘వెయిట్’తోనే పోతాయి.

ఇదే కారణంగా, సంతాపం చెప్పే సందర్భంలో ఈ మాట అసలు వాడకూడదు. సహోద్యోగి తండ్రిగారి దశదినకర్మకు వస్తానని చెబుతూ ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద సెరిమనీ’ అని రాస్తే చదివినవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ‘ఐ విల్ బి దేర్’ అంటే చాలు.

యాడ్వర్బ్‌ను వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

తెలుగులో ఈ ప్రశ్నే రాదు. ‘ఆసక్తిగా’ అన్నది ‘ఎదురుచూస్తున్నాను’కు ముందు ఎక్కడున్నా వాక్యం చెడదు. ఇంగ్లిష్‌లో చోటు మారితే వాక్యం చెడుతుంది, లేదా అర్థమే మారుతుంది. ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ట్రిప్’ను ఆధారంగా తీసుకుందాం.

మొదటి చోటు, ‘యామ్’కీ ‘లుకింగ్’కీ మధ్య: ‘ఐయామ్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ట్రిప్’. ఎక్కువ యాడ్వర్బులకు సొంత చోటు ఇదే. సందేహం వస్తే ఇక్కడే పెట్టండి. ‘యామ్’ లేని రూపమైతే ‘ఐ’కీ ‘లుక్’కీ మధ్య పెట్టాలి: ‘ఐ వెరీ మచ్ లుక్ ఫార్వర్డ్ టు ద ట్రిప్’. ‘హావ్ బీన్’ ఉన్నప్పుడు రెండు పద్ధతులూ నడుస్తాయి: ‘ఐ హావ్ బీన్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్’, ‘ఐ హావ్ రియల్లీ బీన్ లుకింగ్ ఫార్వర్డ్’.

రెండో చోటు, ‘ఫార్వర్డ్’కీ ‘టు’కీ మధ్య. ఇక్కడ ఇమిడేవి కొన్నే: ‘ఐ లుక్ ఫార్వర్డ్ వెరీ మచ్ టు సీయింగ్ యూ’, ‘దె లుక్డ్ ఫార్వర్డ్ ఈగర్లీ టు ద హాలిడేస్’. కాస్త పెద్దమనిషి తరహా వాక్యాలివి, ఉత్తరాల్లో బాగుంటాయి. ‘రియల్లీ’ని మాత్రం ఇక్కడ పెట్టరు.

మూడో చోటు వాక్యం చివర. అయితే ‘టు’ తర్వాత వచ్చే మాట పొట్టిగా ఉంటేనే: ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్ సో మచ్’. వెనక పొడుగాటి పదబంధం ఉంటే యాడ్వర్బ్ వెళ్ళి దగ్గర్లో ఉన్న వెర్బ్‌కు అతుక్కుంటుంది. ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ ద పీపుల్ హూ హెల్ప్డ్ అజ్ వెరీ మచ్’ అని రాస్తే, ‘మాకు ఎంతో సాయం చేసినవాళ్ళను కలవబోతున్నాను’ అని అర్థమవుతుంది. మీ ఉత్సాహం గురించి చెప్పిన ‘వెరీ మచ్’ వాళ్ళ సాయానికి పోయింది.

ఇక పెట్టకూడని చోటు ‘లుకింగ్’కీ ‘ఫార్వర్డ్’కీ మధ్య. ‘ఫార్వర్డ్’ అనేదే ఒక యాడ్వర్బ్, ‘లుక్’తో కలిసి ఒకే మాటగా బిగిసిపోయింది. ‘లుకింగ్ వెరీ ఫార్వర్డ్ టు’, ‘లుకింగ్ సో ఫార్వర్డ్ టు’ అని అమెరికన్ల మాటల్లో అప్పుడప్పుడు వినిపించే మాట నిజమే. విన్నారు కదా అని రాతలో పెట్టకండి, తప్పుగానే చూస్తారు.

‘చాలా’ అంటే ‘వెరీ’యే కదా? ‘వెరీ లుకింగ్ ఫార్వర్డ్’ ఎందుకు తప్పు?

‘వెరీ’ ఒక్కటీ వెర్బ్‌ను పట్టుకోలేదు. విశేషణాన్ని గానీ ఇంకో యాడ్వర్బ్‌ను గానీ పట్టుకుంటుంది: ‘వెరీ హ్యాపీ’, ‘వెరీ ఈగర్లీ’. వెర్బ్ దగ్గరకు వెళ్ళాలంటే పక్కన ‘మచ్’ కావాలి. మన ‘చాలా’కు ఈ పట్టింపు లేదు. ‘చాలా బాగుంది’ అంటాం, ‘చాలా తిన్నాను’ అంటాం, ‘చాలా మంది’ అంటాం. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ మూడు వేరు మాటలు పడతాయి. ‘వెరీ లుకింగ్’ అనే పొరపాటు పుట్టేది ఇక్కడే.

‘చాలా చాలా’ అని రెట్టించాలనిపిస్తే ‘రియల్లీ, రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్’ అనవచ్చు. ‘వెరీ, వెరీ మచ్ లుకింగ్ ఫార్వర్డ్’ కూడా తప్పు కాదు.

‘టూ మచ్’ జోలికి మాత్రం వెళ్ళకండి. మన మాటల్లో ‘టూ మచ్’ అంటే ‘ఎంతో’ అని స్థిరపడింది గానీ, ఇంగ్లిష్‌లో అది ‘ఉండాల్సినదానికన్నా ఎక్కువ’ అని ఫిర్యాదు చేసే మాట.

‘రియల్లీ’, ‘వెరీ మచ్’, ‘సో’. ఎప్పుడు ఏది వాడాలి?

‘రియల్లీ’ ఎక్కడైనా చెల్లుతుంది. స్నేహితుడికీ బాస్‌కూ ఇద్దరికీ వాడవచ్చు. మరీ లాంఛనమైన ఉత్తరంలో మాత్రం కాస్త తేలికగా అనిపిస్తుంది.

‘వెరీ మచ్’ ఒక మెట్టు పైన. ‘ఐ వెరీ మచ్ లుక్ ఫార్వర్డ్ టు వర్కింగ్ విత్ యూ’ అన్నది ఆఫర్ లెటర్‌కు జవాబుగా చక్కగా ఉంటుంది. అదే వాక్యాన్ని రూమ్‌మేట్‌కు వాట్సాప్‌లో పంపితే బిగదీసుకున్నట్టు ఉంటుంది.

‘సో’ పూర్తిగా మాట్లాడే భాష. ‘ఐయామ్ సో లుకింగ్ ఫార్వర్డ్ టు దిస్!’ అని స్నేహితుల మధ్య అంటారు. వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్ళు ‘సో మచ్’ లేకపోతే ఒప్పుకోరు, కాబట్టి పరీక్షలోనూ ఆఫీసు మెయిల్‌లోనూ వద్దు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు ‘హ్యూజ్లీ లుకింగ్ ఫార్వర్డ్’ కూడా తరచుగా వినిపిస్తుంది. అదీ స్నేహపూర్వకమైన మాటే, లాంఛనం కాదు.

ఒక్కమాట. ఏ యాడ్వర్బూ లేని ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ నిండైన, మర్యాదైన వాక్యం. సంతోషం అందులోనే ఉంది. ప్రతిసారీ ఒక బలం తగిలించాలన్న నియమం ఎక్కడా లేదు. లాంఛనమైన మెయిల్‌లో చాలాసార్లు ఏమీ తగిలించకపోవడమే మంచి ఎంపిక.

‘ఈగర్లీ లుకింగ్ ఫార్వర్డ్’ తప్పా? అందరూ రాస్తారు కదా.

వ్యాకరణ దోషం లేదు. భారతీయ ఇంగ్లిష్‌లో బాగా పాతుకుపోయిన జత కూడా. కాకపోతే రెండు ఇబ్బందులున్నాయి. ‘లుక్ ఫార్వర్డ్’లో ఆసక్తి ముందే ఉంది, ‘ఈగర్లీ’ అదే అర్థాన్ని మళ్ళీ పోస్తుంది. రెండోది ముఖ్యం. ఉద్యోగం, అడ్మిషన్, అప్పు, అనుమతి లాంటివి కోరే మెయిల్‌లో ‘ఈగర్లీ’ చూస్తే అవతలివాళ్ళకు ‘త్వరగా తేల్చండి’ అని తొందర పెడుతున్నట్టు తోస్తుంది. మనం ‘ఆసక్తిగా’ అనుకుని రాసింది వాళ్ళకు ‘ఆత్రంగా’ అని చేరుతుంది.

‘ఈగర్లీ’కి సహజమైన జోళ్ళు ‘అవెయిట్’, ‘యాంటిసిపేట్’: ‘ద ఫ్యాన్స్ ఆర్ ఈగర్లీ అవెయిటింగ్ ద రిలీజ్’. ఇక్కడ ‘అవెయిట్’ పక్కన ‘ఫర్’ రాకూడదని గుర్తుంచుకోండి. ‘అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’ తప్పు, ‘అవెయిటింగ్ యువర్ రిప్లై’ ఒప్పు. ‘వెయిటింగ్’కు ‘ఫర్’ తప్పనిసరి, ‘అవెయిటింగ్’కు ఉండనే ఉండదు.

‘హైలీ’, ‘డీప్లీ’, ‘స్ట్రాంగ్లీ’ కూడా ‘ఎంతో’ అనే కదా? అవెందుకు కుదరవు?

అర్థం చూస్తే కుదరాలి. వాడుకలో కుదరవు. ఇంగ్లిష్‌లో బలాన్ని చెప్పే ఒక్కో యాడ్వర్బూ కొన్ని వెర్బులతోనే పోతుంది. అందుకే వీటిని విడివిడిగా కాక జతలుగా నేర్చుకోవాలి.

‘హైలీ’ పోయేది ‘రికమెండ్’, ‘వాల్యూ’, ‘రేట్’, ‘రిగార్డ్’ లాంటి విలువకట్టే మాటలతో. ‘స్ట్రాంగ్లీ’ అభిప్రాయం చెప్పే మాటలతో: ‘బిలీవ్’, ‘అగ్రీ’, ‘అపోజ్’, ‘సజెస్ట్’. ‘డీప్లీ’ మనసు లోతు నుంచి వచ్చేవాటితో: ‘రిగ్రెట్’, ‘లవ్’, ‘అప్రీషియేట్’. ‘బ్యాడ్లీ’ అవసరంతో: ‘నీడ్’, ‘వాంట్’. ‘థరోలీ’ ముఖ్యంగా ‘ఎంజాయ్’తో, అంటే జరిగిపోయిన సంతోషంతో. జరగబోయే సంతోషానికి ‘థరోలీ’ అరుదు. ఈ అయిదూ ‘లుక్ ఫార్వర్డ్’ పక్కన సహజంగా ఇమడవు.

‘గ్రేట్లీ లుకింగ్ ఫార్వర్డ్’ మాత్రం ఉంది. కాస్త పాతకాలపు లాంఛనం, తప్పు కాదు. ‘జెన్యుయిన్లీ’ పెట్టవచ్చు, పొగడ్త కోసం అనడం లేదు నిజంగానే అని చెప్పాల్సినప్పుడు. ‘టోటల్లీ’ అమెరికన్ కుర్రకారు మాట. ‘ఫుల్లీ’, ‘కంప్లీట్లీ’ పనికిరావు, ఎందుకంటే అవి నిండటానికి ఒక హద్దు ఉన్న పనులకే వర్తిస్తాయి. ‘అగ్రీ’కి ఆ హద్దు ఉంది, ఎదురుచూపుకు లేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సినిమా ప్రచారంలో ‘హైలీ యాంటిసిపేటెడ్’ చూసి ఉంటారు, అది సరైనదే. ‘ఈగర్లీ అవెయిటెడ్’, ‘లాంగ్ అవెయిటెడ్’, మన పత్రికలకు ఇష్టమైన ‘మచ్ అవెయిటెడ్’ కూడా సరైనవే. వెర్బ్ విశేషణంగా మారినప్పుడు దాని జోళ్ళు మారతాయి. కాబట్టి ‘హైలీ యాంటిసిపేటెడ్ ఫిల్మ్’ ఉంది కదా అని ‘ఐయామ్ హైలీ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఫిల్మ్’ అనేయకండి.

‘నాట్ రియల్లీ’, ‘రియల్లీ నాట్’ రెండూ ఒకటేనా?

కావు. ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇదే చదవండి. రెండు మాటలు చోటు మార్చుకుంటేనే అర్థం ఇంత దూరం జరుగుతుంది.

‘ఐయామ్ నాట్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ద మీటింగ్.’ ఆ మీటింగ్ అంటే పెద్దగా ఆసక్తి లేదు.

‘ఐయామ్ రియల్లీ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద మీటింగ్.’ ఆ మీటింగ్ తలచుకుంటేనే నీరసం వస్తోంది, అస్సలు వెళ్ళాలని లేదు.

ముందున్న మాట వెనకున్నదాని మీద పనిచేస్తుంది. మొదటి వాక్యంలో ‘నాట్’ ముందుంది కాబట్టి అది ‘రియల్లీ’ని కొట్టేస్తుంది. ఆసక్తి మొత్తం పోలేదు, దాని బలం మాత్రమే పోయింది. రెండో వాక్యంలో ‘రియల్లీ’ ముందుంది కాబట్టి అది ‘నాట్’కే బలం ఇస్తుంది. తెలుగులో ఈ తేడాను మాటల చోటుతో చూపించం, మాటలనే మార్చేస్తాం. ఒకచోట ‘పెద్దగా’, ఇంకోచోట ‘అస్సలు’. అందుకే ఇంగ్లిష్ వినేటప్పుడు ఈ తేడా మన చెవికి తొందరగా తగలదు.

‘నాట్ పర్టిక్యులర్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు’ అన్నది ‘నాట్ రియల్లీ’ కన్నా మర్యాదగా ఉంటుంది. ‘నాట్ ఎగ్జాక్ట్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు’ అంటే మాట మెత్తగానే ఉంటుంది గానీ లోపల అయిష్టం గట్టిగానే ఉంటుంది. బ్రిటిష్ మేనేజర్ ఈ మాట అంటే ‘ఏదో కొంచెం ఇష్టం లేదు’ అని తీసుకోకండి. ‘ఎట్ ఆల్’ పెట్టాలంటే చివర్లో పెట్టండి: ‘ఐయామ్ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్ ఎట్ ఆల్’. ‘డెఫినిట్లీ’, ‘సర్టెన్లీ’ ఎప్పుడూ ‘నాట్’కు ముందే వస్తాయి: ‘ఐయామ్ డెఫినిట్లీ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద రూట్ కెనాల్’.

‘ఫైనల్లీ’, ‘సూన్’ లాంటివి ‘టు’ తర్వాత రావచ్చా?

రావచ్చు, కొన్నిసార్లు అక్కడే రావాలి. వాక్యంలో రెండు పనులున్నాయి. ఒకటి ఇప్పుడు ఎదురుచూడటం, రెండోది రేపు కలవడం. యాడ్వర్బ్ ఏ పని గురించి చెబుతుందో దాని పక్కనే ఉండాలి.

ఏడాదిగా జూమ్‌లో మాత్రమే చూసిన మేనేజర్‌ను డల్లాస్‌లో కలవబోతున్నారనుకోండి. ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఫైనల్లీ మీటింగ్ యూ’ అంటే ‘ఎట్టకేలకు మిమ్మల్ని కలుస్తున్నాను’ అని. దాన్ని ముందుకు జరిపి ‘ఐయామ్ ఫైనల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అంటే ‘ఇన్నాళ్ళకు మిమ్మల్ని కలవాలన్న ఆసక్తి పుట్టింది’ అని అర్థం వస్తుంది! ఇంతకాలం ఇష్టం లేదని చెప్పినట్టే.

‘సూన్’, ‘ఇన్ పర్సన్’ వాక్యం చివర్లో ఉంటాయి: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ సూన్’. ‘రియల్లీ’ని ‘టు’ తర్వాత పెడితే అది ‘కలవడం’ వైపు వెళ్ళిపోతుంది, కాబట్టి దాన్ని ముందే ఉంచాలి.

‘టు హియర్ ఫ్రమ్ యూ’నా, ‘టు హియరింగ్ ఫ్రమ్ యూ’నా?

‘టు హియరింగ్’. ఇక్కడి ‘టు’ ప్రిపొజిషన్, అంటే దాని వెనక నామవాచకం గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలి. సందేహం వస్తే వెర్బ్ తీసేసి అక్కడ ‘ఇట్’ పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది కాబట్టి ఐఎన్‌జీ తప్పదు. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరదు కాబట్టి ‘వాంట్ టు’ వెనక ఐఎన్‌జీ రాదు.

మధ్యలో యాడ్వర్బ్ దూరినా నియమం మారదు. ‘లుక్ ఫార్వర్డ్ వెరీ మచ్ టు’ అన్నాక ‘మీటింగ్’ బదులు ‘మీట్’ అని రాయడం మంచి ఇంగ్లిష్ వచ్చినవాళ్ళూ చేసే పొరపాటే. ‘వెరీ మచ్’ అడ్డం వచ్చేసరికి ‘టు’ విడిపోయినట్టు కనిపిస్తుంది, ‘టు మీట్’ అన్న అలవాటు చెయ్యి లాగేస్తుంది.

‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్’ ఎప్పుడూ తప్పే. ‘కోసం’ అంటే ‘ఫర్’ కదా అని మనం చేసుకున్న అనువాదం అది.

‘ఐ లుక్’, ‘ఐయామ్ లుకింగ్’. యాడ్వర్బ్‌ను బట్టి ఏది ఎంచుకోవాలి?

‘ఐ లుక్’ లాంఛనం, ‘ఐయామ్ లుకింగ్’ చనువు. అర్థంలో పెద్ద తేడా లేదు. అలవాటును చెప్పే ‘ఆల్వేస్’ వస్తే మాత్రం ‘లుక్’ రూపం కావాలి: ‘ఐ ఆల్వేస్ లుక్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’. ‘ఆల్రెడీ’ వస్తే ఎక్కువగా ‘లుకింగ్’ రూపం: ‘వి ఆర్ ఆల్రెడీ లుకింగ్ ఫార్వర్డ్ టు నెక్స్ట్ ఇయర్’.

మెయిల్ చివర ‘ఐయామ్’ వదిలేసి ‘లుకింగ్ ఫార్వర్డ్ టు...’ అనడం చనువున్నచోట చెల్లుతుంది. ‘ఐ లుకింగ్ ఫార్వర్డ్’, ‘ఐయామ్ లుక్ ఫార్వర్డ్’ రెండూ తప్పు.

‘నేను కూడా ఎదురుచూస్తున్నాను’ అనడానికి ‘ఈవెన్ ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్’ అనవచ్చా?

వద్దు. ‘ఈవెన్ ఐ’ అంటే ‘చివరికి నాలాంటివాడు కూడా’ అని. క్రికెట్ అంటే గిట్టనివాళ్ళు ‘ఈవెన్ ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఫైనల్’ అంటే ఒప్పుతుంది. మామూలు ‘నేను కూడా’కు ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్ టూ’ అనండి, ‘టూ’ చివర్లో. ‘ఐయామ్ ఆల్సో లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కూడా సరే, కానీ అది ‘దీనితోపాటు ఇంకొకదాని కోసం కూడా’ అనే అర్థాన్నీ ఇవ్వగలదు.

‘ష్యూర్లీ’ అంటే ‘తప్పకుండా’ కాదా?

మన వాడుకలో అవును, ఇంగ్లిష్‌వాళ్ళ వాడుకలో కాదు. ‘ష్యూర్లీ యూ ఆర్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అంటే ‘ఎదురుచూస్తూనే ఉంటావుగా, కాదంటావా?’ అని అవతలివాళ్ళను ఒప్పించబోవడం. ‘తప్పకుండా’, ‘ఖాయంగా’ అనాలంటే ‘సర్టెన్లీ’ లేదా ‘డెఫినిట్లీ’.

‘అన్నిటికన్నా ఎక్కువగా’ ఎలా చెప్పాలి?

‘పర్టిక్యులర్లీ’ లేదా ‘ఎస్పెషల్లీ’ని మొదటి చోట పెట్టండి: ‘ఐయామ్ పర్టిక్యులర్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ద సెకండ్ సెషన్’. సదస్సు నిర్వాహకులకు రాసేటప్పుడు ఒట్టి ‘రియల్లీ’ కన్నా ఇది ఎంతో మేలు. ఏ సెషన్ అన్నది చెప్పారు కాబట్టి, మీరు కార్యక్రమ వివరాలు చదివారని వాళ్ళకు తెలుస్తుంది. ‘వాట్ ఐయామ్ మోస్ట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఈజ్ ద ఫుడ్’ అనీ అంటారు. రెండింటిని పోల్చేటప్పుడు ‘మోర్’ను వెనక్కు పంపండి: ‘ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద వెడ్డింగ్ మోర్ దాన్ ద రిసెప్షన్’. ‘ఐయామ్ మోర్ లుకింగ్ ఫార్వర్డ్’ చెవికి కరుకుగా తగులుతుంది.

‘ఐ వాజ్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అంటే మామూలు భూతకాలమేనా?

చాలాసార్లు అందులో ఒక నిరాశ ఉంటుంది. ఈ వాక్యం వినగానే ‘అయ్యో, ఏమైంది, క్యాన్సిల్ అయిందా?’ అని అడగడం సహజం. ‘రియల్లీ’ ఆ నిరాశను ఇంకా పెంచుతుంది. అనుకున్నట్టే జరిగి బాగుంటే, ఆ సంగతిని అదే వాక్యంలో చేర్చండి: ‘ఐ హాడ్ రియల్లీ బీన్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్, అండ్ ఐ ఎంజాయ్డ్ ఎవ్రీ మినిట్’.

ఉద్యోగ దరఖాస్తు చివరి వాక్యాన్ని ఎలా సరిచేసుకోవాలి?

తరచుగా కనిపించే రూపాన్నే తీసుకుందాం: ‘ఐయామ్ వెరీ ఈగర్లీ లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ పాజిటివ్ రిప్లై ఎట్ ద ఎర్లియెస్ట్.’

‘వెరీ ఈగర్లీ’ వ్యాకరణానికి సరే, మోతాదు ఎక్కువ. మొత్తం తీసేయండి. ‘ఫర్’ను ‘టు’ చేయండి. ‘పాజిటివ్ రిప్లై’ అంటే నిర్ణయం వాళ్ళ చేతిలో ఉండగానే మీరు దాన్ని తేల్చేసినట్టు ఉంటుంది, ‘పాజిటివ్’ అక్కర్లేదు. ‘ఎట్ ద ఎర్లియెస్ట్’ మన దగ్గర ‘వీలైనంత త్వరగా’ అనే అర్థంలో నడుస్తోంది. కానీ బ్రిటిష్, అమెరికన్ చెవికి ‘ఫ్రైడే ఎట్ ద ఎర్లియెస్ట్’ అంటే ‘శుక్రవారం కన్నా ముందు మాత్రం కాదు’ అని. మీరు కోరినదానికి దాదాపు వ్యతిరేకం.

ఇవన్నీ తీసేశాక మిగిలేది: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ.’ ఇది చాలు. నిజంగానే గడువు ఉంటే దాన్ని యాడ్వర్బ్‌లో దాచకుండా వేరే వాక్యంలో తేదీతో అడగండి: ‘కుడ్ యూ ప్లీజ్ లెట్ మీ నో బై 14 జూన్?’ ఆఫర్ వచ్చాక రాసే మెయిల్‌లో అయితే ‘వెరీ మచ్’ను ధైర్యంగా వాడండి, అక్కడ ఉత్సాహం చూపించడం బాగుంటుంది.

ఐఈఎల్‌టీఎస్‌లో యాడ్వర్బ్ చేరిస్తే మార్కులు పెరుగుతాయా?

చేర్చినందుకు పెరగవు. జనరల్ ట్రైనింగ్ రైటింగ్‌లో మొదటి టాస్క్ ఉత్తరం, కనీసం 150 మాటలు రాయాలి. రైటింగ్‌ను కొలిచే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, అందులో మాటల జతలు సహజంగా ఉన్నాయా అన్నదీ చూస్తారు. కాబట్టి ‘హైలీ లుకింగ్ ఫార్వర్డ్’ రాస్తే నష్టం, ఏమీ చేర్చకుండా రాస్తే నష్టం లేదు. ఉత్తరం స్నేహితుడికా, అధికారికా అన్నది చూసుకుని, స్నేహితుడికైతే ‘రియల్లీ’తో ‘లుకింగ్’ రూపం, అధికారికైతే ఒట్టి ‘ఐ లుక్ ఫార్వర్డ్’ రాయండి.

ఒక జత సహజమైనదో కాదో సొంతంగా ఎలా తెలుసుకోవాలి?

గూగుల్ సెర్చ్‌లో ఎన్ని ఫలితాలు వచ్చాయో చూసి నమ్మకండి. ఆ అంకె అంచనా మాత్రమే, పైగా తప్పులు కూడా లక్షల్లో దొరుకుతాయి.

గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ (ఒక మాటను పుస్తకాల్లో ఏ ఏడు ఎంతగా వాడారో గీతగా చూపే సైట్) తెరిచి, అనుమానమున్న జతలను ఇంగ్లిష్ అక్షరాల్లో కామాలతో వేరుచేసి టైప్ చేయండి. ఒక్కో జతకు ఒక్కో గీత వస్తుంది. ఒక్కో జతలో 5 మాటలకు మించకూడదు, ‘వెరీ మచ్ లుకింగ్ ఫార్వర్డ్ టు’ సరిగ్గా 5 మాటలే. కనీసం 40 పుస్తకాల్లో కనిపించని జత ఆ డేటాలో ఉండదు కాబట్టి, గీత రాకపోతే ఆ జతను వదిలేయడమే మంచిది. ఏ యాడ్వర్బులు వస్తాయో దాన్నే అడగాలంటే స్టార్ గుర్తు, అండర్‌స్కోర్, పెద్దక్షరాల్లో ఏడీవీ కలిపి కొట్టి, ఖాళీ వదిలి ‘లుకింగ్ ఫార్వర్డ్’ రాయండి. ఎక్కువగా వాడే పదింటి వరకు చూపిస్తుంది. అమెరికన్, బ్రిటిష్ ఇంగ్లిష్‌లను విడివిడిగా ఎంచుకునే వీలూ ఉంది.

ఎన్‌గ్రామ్‌లో ఉన్నవి పుస్తకాలు, అందుకే ‘సో లుకింగ్ ఫార్వర్డ్’ లాంటి మాట్లాడే రూపాలు అక్కడ తక్కువగా కనిపిస్తాయి. వాటికి కోకా అనే కార్పస్ ఆఫ్ కాంటెంపరరీ అమెరికన్ ఇంగ్లిష్ మేలు (కార్పస్ అంటే నిజమైన రాతలూ మాటలూ సేకరించి పెట్టిన భండారం). 1990 నుంచి 2019 వరకు వందకోట్లకు పైగా మాటలున్నాయి, టీవీ, రేడియో సంభాషణలు వేరే విభాగంగా ఉన్నాయి. మన వాడుకకూ బ్రిటిష్ వాడుకకూ తేడా చూడాలంటే కార్పస్ ఆఫ్ గ్లోబల్ వెబ్ బేస్డ్ ఇంగ్లిష్‌లో వెతకండి. 20 దేశాల వెబ్ పేజీలు అందులో ఉన్నాయి, భారత్ ఒకటి. ‘ఈగర్లీ లుకింగ్ ఫార్వర్డ్’ ఇచ్చి దేశాలవారీ పట్టిక చూడండి, ఆ తర్వాత ‘ఈగర్లీ అవెయిటింగ్’ ఇచ్చి పోల్చండి. అంకెలు చూసి ఆగిపోకుండా, దొరికిన వాక్యాల్లో కొన్ని తెరిచి ఎవరు ఎవరికి ఏ సందర్భంలో రాశారో కూడా చదవండి.